ఎవరి రథం పక్కకు తొలగాలి?

నాయకుడు అనగానే హైదరాబాదులో చాలామందికి నాంపల్లి గుర్తుకొస్తుంది. తెల్లగా మెరిసే అసెంబ్లీ అక్కడే ఉంది కదా. 1905లో మొదలుపెట్టి 1913లో పూర్తిచేసిన పాత టౌన్‌హాల్ అది. దాన్ని ఆనుకొనే పబ్లిక్ గార్డెన్స్. పాతవాళ్ళు ఇప్పటికీ బాగే ఆమ్ అంటారు. ఆ తోటలోనే స్టేట్ మ్యూజియం ఉంది. అసెంబ్లీ ముందు నుంచి రోజూ వేలమంది పోతారు. మ్యూజియం మెట్లెక్కేవాళ్ళు బహు కొద్దిమంది. నాయకత్వం గురించి ధమ్మం ఏం చెప్తుందో తెలుసుకోవాలంటే మాత్రం ఆ రెండో చోటే మనకు ఎక్కువ పనికొస్తుంది.

మీరు ఎమ్మెల్యే కాకపోవచ్చు. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో ఫ్లోర్ ఇన్‌చార్జి కావచ్చు. అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి కావచ్చు, మహిళా పొదుపు సంఘానికి లీడరు కావచ్చు, బుద్ధవిహార కమిటీలో ఉండవచ్చు, లేదా ఇంట్లో నలుగురూ మాట వినే పెద్దన్నో పెద్దక్కో కావచ్చు. మీ మాట మీద ముగ్గురు కదిలితే చాలు, మీరు నాయకులే. ఈ వ్యాసం మీ కోసమే.

నాయకత్వం నేర్పే పుస్తకాలకు ఈ రోజుల్లో కరువు లేదు. ఆదివారం అబిడ్స్‌లో షాపుల షట్టర్లు దించి ఉన్నప్పుడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ ఒక్క చుట్టు తిరగండి, అలాంటివి పదైనా దొరుకుతాయి. ఎట్లా మాట్లాడాలి, ఎట్లా కూర్చోవాలి, ఎదుటివాణ్ణి ఎట్లా ఒప్పించాలి అని చెప్తాయి. వాటిని చదవొద్దని నేననను. మాట నేర్పు మంచిదే. కానీ వాటిలో చాలావాటి వెనక ఒక నమ్మకం ఉంటుంది. నాయకత్వం అంటే చొక్కా లాంటిదనీ, లోపలి మనిషి ఎలాంటివాడైనా తొడుక్కోవచ్చుననీ. ధమ్మం దీన్ని ఒప్పుకోదు. మీరు దేన్ని వదులుకోలేరో దాన్ని బట్టే మీ నాయకత్వం నడుస్తుందంటుంది. పేరు వదులుకోలేని మనిషి చేతిలో సంఘం పడితే సంఘం పనంతా ఆయన పేరు చుట్టూ తిరుగుతుంది. కోపం వదులుకోలేని మనిషి కింద పనిచేసేవాళ్ళు పని కన్నా ముందు ఆయన ముఖం చూడటం నేర్చుకుంటారు. గోడ మీద రాసిపెట్టుకున్న ఆశయాలు ఎన్ని ఉన్నా అంతే.

మ్యూజియం మాట ఎందుకు ఎత్తానో చెప్తాను. అజంతా గుహలు ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. 1914లో ఇక్కడ పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీకి అప్పగించారు. రాలిపోతున్న అజంతా చిత్రాలను నిలబెట్టడానికి ఇటలీ నుంచి నిపుణులను పిలిపించారు. స్థానిక చిత్రకారులతో వాటికి నకళ్ళు గీయించారు. ఆ నకళ్ళు నాంపల్లికి చేరాయి. అంటే అజంతా దాకా పోలేని హైదరాబాదు మనిషికి రైలు స్టేషన్‌కు నడక దూరంలో అజంతా దొరికిందన్నమాట. అక్కడి గోడల మీది కథల్లో చాలావరకు జాతక కథలు. బోధిసత్త్వుడు వాటిలో ఎన్నోసార్లు రాజుగా పుడతాడు. ఏనుగుల రాజు, లేళ్ళ రాజు, కోతుల రాజు. పదిహేడో గుహలో గీసిన మహాకపి జాతకం అందులో ఒకటి.

కథ మీకు తెలిసే ఉంటుంది. అయినా ఒకసారి నెమ్మదిగా చూద్దాం. గంగ ఒడ్డున ఒక పెద్ద మామిడిచెట్టు. ఎనభై వేల కోతులు, వాటికొక రాజు. ఒక కొమ్మ నది మీదికి వంగి ఉంది. దాని కాయ ఒక్కటి నీళ్ళలో పడి కొట్టుకుపోయిందంటే మనుషులకు రుచి తెలుస్తుంది, వెతుక్కుంటూ వస్తారు, మనకు చెట్టూ దక్కదు, ప్రాణమూ దక్కదు అని రాజు ముందే గ్రహించాడు. ఆ కొమ్మకు పిందె పట్టగానే తెంపించేసేవాడు. కానీ చీమల గూడు చాటున ఒక్క కాయ మిగిలిపోయింది. అది పండి, నీళ్ళలో పడి, కాశీ రాజు వలలో చిక్కింది. రాజు తిన్నాడు. విలుకాళ్ళను వెంటబెట్టుకొని వచ్చి రాత్రి చెట్టును చుట్టుముట్టించాడు.

కోతుల రాజు ఒక్క దూకులో నది దాటాడు. అవతలి ఒడ్డున ఒక పొడుగాటి తీగ కోసి, ఒక కొన చెట్టుకు కట్టి, రెండో కొన తన నడుముకు కట్టుకొని తిరిగి దూకాడు. తీగ లెక్క వేసేటప్పుడు తన నడుముకు చుట్టుకోవడానికి పట్టే పొడుగు మర్చిపోయాడు. అంత మేర తక్కువైంది. చేతులతో మామిడికొమ్మ అందుకున్నాడు, అంతే, ఇక కదల్లేడు. వంతెనలో తక్కువపడిన ముక్క ఆయన ఒళ్ళే అయింది. ఎనభై వేల కోతులూ ఆ వీపు మీదుగా దాటాయి. చివరిగా వచ్చిన కోతి పగబట్టినవాడు. పై కొమ్మ నుంచి కావాలనే ఆ వీపు మీదికి దూకి ప్రాణం మీదికి తెచ్చి పోయాడు. కాశీ రాజు కిందనుంచి ఇదంతా చూసి, ఆయన్ని జాగ్రత్తగా దింపించి అడిగాడు: వాళ్ళు నీకేమవుతారు, నువ్వు వాళ్ళకేమవుతావు? నేను వాళ్ళకు రాజును, వాళ్ళ సుఖం చూడటం నా పని, దీనికి నాకు బాధ లేదు అన్నాడాయన.

మనం ఈ కథ చెప్పుకునేటప్పుడు త్యాగం దగ్గర ఆగిపోతాం. నాకు మాత్రం పిందెలు తెంపించడం దగ్గర ఆగాలనిపిస్తుంది. నాయకుడంటే ప్రాణమిచ్చేవాడే కానక్కర్లేదు, ముందుచూపు ఉండాలి. పిందె తెంపినందుకు ఎవరూ దండ వేయరు. మంచి కాయలు పాడుచేస్తున్నాడని తిట్టుకున్న కోతులు కూడా ఉండే ఉంటాయి. ఇంకో సంగతి: అంత జాగ్రత్తపడినా ఒక కాయ తప్పిపోయింది, తీగ పొడుగు లెక్కా తప్పింది. ఆ తప్పిన కొలతకు ఎవరు బాధ్యులని ఆయన వెతకలేదు. తక్కువపడిన మేరకు తానే సరిపోయాడు. మన ఆఫీసుల్లో, కమిటీల్లో లెక్క తప్పినప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలుసు. ముందు పేరు వెతుకుతారు. అది కూడా మనలో అందరికన్నా చిన్న ఉద్యోగం ఉన్నవాడి పేరు.

ఇక అబిడ్స్ సంగతి. ఈ పేరు ఎక్కడిది? ఆల్బర్ట్ అబిద్ అనే అర్మీనియన్ మనిషిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర దుస్తుల సంరక్షణ చూసినవాడు. తర్వాత ఇక్కడ పెద్ద దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. ఆయన గురించి నగరంలో ఒక కథ చెప్పుకుంటారు. నిజాం అల్మారాల్లో ఉన్న బట్టలకూ బూట్లకూ గడియారాలకూ లెక్క లేదట. వేసుకొని మర్చిపోయినవాటిని కొన్నాళ్ళకు అబిదే బయటికి తీసి, కొత్తవని చెప్పి మళ్ళీ ఆ నిజాంకే అమ్మేవాడట. నిజమో, కిట్టనివాళ్ళ కల్పనో. కానీ నిజాం కాలంలో ఇలాంటి కథ పుట్టి బతికిందంటే, జనానికి ఒక విషయం అర్థమైందని లెక్క: ఎంత పెద్దవాడైతే, ఆయన సొంత అల్మారాలో ఏముందో ఆయనకు చెప్పేవాళ్ళు అంత తక్కువ.

ఈ సంగతే ఇంకో జాతకంలో ఉంది. దాని పేరు రాజోవాద జాతకం. కాశీలో బ్రహ్మదత్తుడు ధర్మంగా రాజ్యం చేస్తున్నాడు. తీర్పులు ఎంత నిక్కచ్చిగా ఉండేవంటే, కోర్టులో తప్పుడు వ్యాజ్యాలు ఆగిపోయి న్యాయాధికారులకు పని లేకుండా పోయింది. అప్పుడాయనకు ఒక అనుమానం వచ్చింది. నాలో ఏదైనా లోపం ఉందేమో, ఎవరైనా చెప్తే దిద్దుకుంటాను అనుకున్నాడు. అంతఃపురంలో అడిగాడు. అందరూ పొగిడారు. భయపడి పొగుడుతున్నారేమోనని కోట బయట అడిగాడు. అక్కడా పొగడ్తే. ఊళ్ళో అడిగాడు, నాలుగు గుమ్మాల దగ్గరా అడిగాడు. చివరికి రాజ్యం మంత్రులకు అప్పగించి, మారువేషంలో, ఒక్క సారథితో పల్లెల మీద పడ్డాడు. తన తప్పు చెప్పే మనిషి కోసం రాజు ఊరూరా తిరగడం ఎంత కష్టమైన వెతుకులాటో చూడండి.

సరిగ్గా అదే పని మీద కోసల రాజు మల్లికుడూ బయల్దేరాడు. రెండు రథాలూ ఒక ఇరుకు దారిలో, రెండు గట్ల మధ్య ఎదురుపడ్డాయి. పక్కకు తప్పుకునే చోటు లేదు. జగదీశ్ మార్కెట్ గల్లీలో సాయంత్రం ఆరింటికి ఒక కారూ ఒక టెంపో ఎదురెదురుగా వస్తే ఎట్లుంటుందో అట్లా. నీ రథం తీయి అని ఒక సారథి, మా రాజు ఉన్నాడు నీదే తీయి అని ఇంకో సారథి. సరే, ఎవరు పెద్దో చూద్దామనుకున్నారు. వయసు చూశారు, సమానం. రాజ్యం సమానం, సేన సమానం, ధనం సమానం, కీర్తి సమానం. కులం, గోత్రం, వంశం కూడా అడిగారు. అవీ సమానం. (మన దేశంలో దారి ఎవరు వదలాలన్న తగాదా వస్తే మూడో ప్రశ్నకల్లా కులం దగ్గరికి రావడం రెండువేల ఏళ్ళ కిందటి అలవాటే కాబోలు. కథ చెప్పినాయన దాన్ని జాబితాలో చేర్చాడు, తీర్పు మాత్రం దానిమీద పెట్టలేదు.) అప్పుడు శీలం అడుగుదామనుకున్నారు.

కోసల సారథి చెప్పాడు: మా రాజు మెత్తగా ఉన్నవాడితో మెత్తగా ఉంటాడు, గట్టిగా ఉన్నవాడితో గట్టిగా ఉంటాడు; మంచివాణ్ణి మంచితో గెలుస్తాడు, చెడ్డవాణ్ణి చెడుతోనే గెలుస్తాడు. కాశీ సారథి అన్నాడు: ఇవి సుగుణాలైతే లోపాలు ఇంకెట్లా ఉంటాయి? మా రాజు కోపాన్ని శాంతంతో గెలుస్తాడు, చెడును మంచితో, పిసినారిని ఇవ్వడంతో, అబద్ధాన్ని సత్యంతో గెలుస్తాడు. ఆ మాట విని మల్లికుడు, ఆయన సారథి రథం దిగి, గుర్రాలు విప్పి, దారి ఇచ్చారు.

ఇక్కడ కొంచెం ఆలోచించండి. మల్లికుడు చెడ్డ రాజేం కాదు. మంచికి మంచి, చెడుకు చెడు అనేది మనలో ఎక్కువమంది "మంచి నాయకుడు" అని మెచ్చుకునే పద్ధతే. "మా సారు మంచోళ్ళకు మంచోడు, తేడా వస్తే మాత్రం ఊరుకోడు" అని గర్వంగా చెప్తాం. జాతకం దీన్ని లోపం అంటున్నది. ఎందుకని? ఆ మనిషికి సొంతంగా ఒక నడక లేదు కాబట్టి. ఎదుటివాడు ఎట్లుంటే ఈయన అట్లా అవుతాడు. పొద్దున ఒక మూర్ఖుడు తగిలితే సాయంత్రం దాకా ఈయన మూర్ఖుడే. అలాంటివాడి కింద పనిచేసేవాళ్ళకు రోజూ వాతావరణం చూసుకున్నట్టే ఉంటుంది. శీలం ఉన్న మనిషి విషయంలో అట్లా కాదు. తప్పు చేసి ఆయన ముందుకు పోవచ్చు. శిక్ష పడవచ్చు కూడా. బ్రహ్మదత్తుడి తీర్పులు నిక్కచ్చివే అని కథ మొదట్లోనే చెప్పింది. శాంతంతో గెలవడమంటే దొంగను వదిలేయడం అని ఎవరైనా అనుకుంటే ఆ మొదటి భాగం మళ్ళీ చదవాలి. శిక్ష వేయవలసి వస్తే వేయండి. కోపం చల్లార్చుకోవడానికి మాత్రం వేయకండి.

మరి తీర్పు ఇచ్చేటప్పుడు మనిషి ఎక్కడ జారిపోతాడు? దీనికి బుద్ధుడు రాజగృహంలో సిగాలుడనే గృహస్థు కొడుక్కి చెప్పిన మాటలున్నాయి. మనిషి తప్పుదారి పట్టేది నాలుగు కారణాల వల్ల. వీటిని అగతులు అంటారు. ఇష్టం వల్ల పోయేది ఛందాగతి, ద్వేషం వల్ల దోసాగతి, తెలియనితనం వల్ల మోహాగతి, భయం వల్ల భయాగతి. మొదటి రెండూ మనకు సులభంగా కనిపిస్తాయి. మా ఊరివాడు, మా కులంవాడు, మా బావమరిది అని పని ఇస్తే అది ఛందం. వాడు పోయిన మీటింగులో నాకు ఎదురు మాట్లాడాడు కాబట్టి వాడి పేరు తీసేయండి అంటే దోసం. మోహం కొంచెం లోతు. లెక్కలు చూడకుండా, కిందివాళ్ళను అడగకుండా, "నాకు తెలుసు" అనుకోవడం. భయాగతి మాత్రం ఎప్పుడూ వేరే పేరుతో తిరుగుతుంది. మంచితనం అని, సర్దుకుపోవడం అని, సమయం కాదని, "ఇప్పుడెందుకు గొడవ" అని. పైవాడికి భయపడి కిందివాడికి అన్యాయం చేసినవాళ్ళు ఎవరూ తాము భయపడ్డామని చెప్పుకోరు. మనలో చాలామందిమి చెడ్డ నాయకులం కాకపోయినా మంచి నాయకులం కాలేకపోవడానికి నాలుగోదే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఇంతవరకూ తప్పుదారి సంగతి. మనుషులను కలిపి ఉంచే దారి ఏమిటో చెప్పే సుత్తం ఒకటుంది. ఆళవి నగరంలో హత్థకుడనే ఉపాసకుడు ఉండేవాడు. ఒకరోజు ఐదువందల మందిని వెంటబెట్టుకొని బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. హత్థకా, ఇంతమందిని నువ్వు ఎట్లా కలిపి ఉంచుతున్నావని బుద్ధుడు అడిగాడు. ఆయనకు తెలియక కాదు, హత్థకుడి నోటితో రావాలని. మీరు చెప్పిన నాలుగింటితోనే భంతే అన్నాడతను. ఇవ్వడంతో ఎవరు నిలుస్తారో వాళ్ళను దానంతో, మంచిమాటతో నిలిచేవాళ్ళను మంచిమాటతో, పనికొచ్చే సాయంతో నిలిచేవాళ్ళను ఆ సాయంతో, సమానంగా చూస్తే నిలిచేవాళ్ళను సమానత్వంతో. వీటినే సంగహవత్థులు అంటారు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే, చాలా పుస్తకాల్లో ఉంది. హత్థకుడు ఆ తర్వాత అన్న మాట మాత్రం ఎక్కువమంది చెప్పరు. భంతే, మా ఇంట్లో డబ్బుంది. పేదవాడినైతే నా మాట ఇంత వినాలని వాళ్ళు అనుకోరు అన్నాడు!

ఎంత నిజాయితీ! తన మంచితనం వల్లనే ఇదంతా జరుగుతోందని చెప్పుకోవచ్చు, చెప్పుకోలేదు. ఇదే హత్థకుడి గురించి ఇంకో సుత్తంలో, బుద్ధుడు నీలో ఏడు గుణాలున్నాయని మెచ్చుకున్నారు అని ఒక భిక్షువు వచ్చి చెప్తే, అప్పుడక్కడ తెల్లబట్టల గృహస్థులెవరూ లేరు కదా అని కంగారుగా అడిగాడు. లేరంటే ఊపిరి పీల్చుకున్నాడు. అది విని బుద్ధుడు ఎనిమిదో గుణం చేర్చాడు: తన మంచి నలుగురికీ తెలియాలన్న కోరిక లేకపోవడం. బుద్ధ పూర్ణిమ నాడు మన ఫ్లెక్సీల మీద బుద్ధుడి బొమ్మ ఎంత ఉంటుందో, దాతల బొమ్మలు ఎంత ఉంటాయో మీరే కొలిచి చూడండి.

కానీ హత్థకుడి మాట మనకొక చిక్కు ప్రశ్న వదిలిపోతుంది. డబ్బు లేనివాడి మాట ఎవరు వింటారు? దీనికి జవాబు మన నగరంలోనే ఉంది, అబిడ్స్ నుంచి కోఠీ దాటి చాదర్‌ఘాట్ వైపు పోయే దారిలో. 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో మాదరి భాగయ్య పుట్టాడు. తర్వాత భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. చిన్నతనంలో ఒక బారిస్టరు ఇంట్లో పనిచేస్తూ పెరిగినవాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో భజనలతో బస్తీల్లో తిరిగాడు. 1911లో మన్యసంఘం. చదువూ ఉద్యోగాలూ ఉర్దూలో నడిచే రాజ్యంలో, అంటరానివాళ్ళన్న పిల్లలకు తెలుగు బడులు పెట్టాడు. ఇసామియా బజారు, లింగంపల్లిల దగ్గర మొదలై అవి 26 బడులు, 2,500 మంది పిల్లల దాకా పెరిగాయి. 1917 నవంబరులో విజయవాడలో పంచముల మహాసభ అని పిలిచిన సభకు అధ్యక్షుడై, మనం పంచములం కాదు, ఈ నేలకు మొదటివాళ్ళం అని చెప్పి ఆ పేరునే మార్పించాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో ఆదిహిందువులన్న పేరు రాసుకునే దాకా ఆ పట్టు వదల్లేదు.

ఈయన దగ్గర పంచడానికి ధనం లేదు. హత్థకుడి నాలుగింటిలో మొదటిది దాదాపు సున్నా. మరి జనం ఎందుకు విన్నారు? నాకు తోచింది చెప్తాను. ఆయన అడిగినవి వినడానికి ఇష్టంగా ఉండేవి కావు. కల్లు మానండి అన్నాడు. కులపంచాయితీల్లో వేసిన తప్పు డబ్బు కల్లుకే పోవడం మామూలైన రోజులవి. ఆడపిల్లలను జోగినులుగా మురళీలుగా విడవొద్దన్నాడు. జీవహింస వద్దన్నాడు. ఆడపిల్లలను బడికి పంపమన్నాడు. ఓట్లు కావలసిన మనిషి ఒక్కటీ అడగడు. జనానికి ఇష్టమైనదేదో అదే తన విలువ అని చెప్పుకునే నాయకులను మనం రోజూ చూస్తున్నాం. భాగ్యరెడ్డి వర్మ తన జనాన్ని ప్రేమించాడు, వాళ్ళ అలవాట్లకు భయపడలేదు. సంగహవత్థుల్లో మూడోది, అత్థచరియ అనేది, ఇదే. ఎదుటివాడికి నచ్చింది చేయడం కాదు, పనికొచ్చింది చేయడం.

1930లో లక్నోలో జరిగిన అఖిల భారత సభకు ఆయనే అధ్యక్షుడు. రౌండ్ టేబుల్ సమావేశంలో అణగారిన వర్గాల తరఫున మాట్లాడవలసింది అంబేడ్కరే అని ఆ సభ బలపరిచింది. అప్పటికి ఈయన ప్రజాజీవితంలోకి వచ్చి ఇరవైనాలుగేళ్ళు. అంబేడ్కర్ వయసులో చిన్నవాడు. అధ్యక్ష స్థానంలో కూర్చొని, మన తరఫున పోవలసినవాడు ఇంకొకరు అనడం చిన్న సంగతా? మన సంఘాలు ఎన్ని ఈ ఒక్క మాట అనలేక రెండుగా చీలాయో లెక్కపెట్టండి. భాగ్యరెడ్డి వర్మకు బుద్ధుడి మీద గౌరవం ఎప్పటినుంచో ఉంది. 1913లోనే బుద్ధ జయంతి జరిపాడు, 1937లో మళ్ళీ జరిపాడు. నాగపూరు దీక్ష 1956లో కదా. మన నగరంలో దానికి 43 ఏళ్ళ ముందే ఆ దీపం వెలిగింది.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ఉద్యమంలోనూ చీలికలు వచ్చాయి. అరిగె రామస్వామి వంటివారు వేరుగా పనిచేశారు. మాదిగ నాయకులు కొందరు తమకు తగిన చోటు దొరకలేదని వేరే సభ పెట్టుకున్నారు. పెద్ద అన్యాయం మీద పోరాడే సంఘంలో చిన్న అన్యాయం కనిపించకుండా దాక్కుంటుంది. మన ఛందాగతి మనకు ఛందంగా కనిపించదు, "మనవాళ్ళే ముందు నుంచీ పనిచేస్తున్నారు కదా" అన్నట్టుగానే కనిపిస్తుంది. ఆ తగువు ఇవాళ్టికీ తీరలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. 1939 ఫిబ్రవరి 18న ఆయన పోయేనాటికి ఉద్యమం ఒక్కటిగా లేదు, కానీ ఆ బడుల్లో చదివిన పిల్లలు ఉన్నారు.

ఇక నాలుగో సంగహవత్థు. సమానత్తత. చెప్పడానికి తేలిక, అబిడ్స్ బట్టల దుకాణంలో చూపడానికి కష్టం. మీరు చీరలు కొనడానికి పోతే పరుపు మీద కూర్చుంటారు. చూపించే అమ్మాయి పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటుంది. గిరాకీ లేనప్పుడూ నిలబడే ఉంటుంది. కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువులో ఇలాంటి దుకాణాల్లోనే పనిచేసే ఆడవాళ్ళు, దర్జీ పని చేసే విజి అనే ఆమె నడిపించగా, మాకు కూర్చునే హక్కు కావాలని ఏళ్ళతరబడి అడిగారు. 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడూ అలాగే చేసింది. ఒక స్టూలు వేయడానికి రెండు రాష్ట్రాలకు చట్టం కావలసి వచ్చింది! సిగాలుడికి చెప్పిన మాటల్లోనే యజమాని పనివాళ్ళకు చేయవలసినవి ఐదు ఉన్నాయి. బలాన్ని బట్టి పని చెప్పడం, తిండీ జీతమూ సరిగా ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, తాను తినే మంచి వంటకం వాళ్ళతోనూ పంచుకోవడం, వేళకు సెలవివ్వడం. అందులో మొదటిదే బలాన్ని బట్టి పని. పదకొండు గంటలు నిలబడటం ఎవరి బలాన్ని బట్టి?

సేటును అడగండి. ఆయన చెడ్డవాడేం కాదు. "కూర్చుంటే కస్టమర్ ఏమనుకుంటాడు, పక్క షాపులో అందరూ నిలబడే ఉన్నారు కదా" అంటాడు. ఇందులో ద్వేషం లేదు. భయం ఉంది. ఆ కస్టమర్ మీరే కాబట్టి ఆ భయంలో సగం మీదే. కూర్చొని ఉన్న అమ్మాయి మీరు రాగానే లేవకపోతే మీ ముఖంలో ఏం కనిపిస్తుందో ఆయనకు తెలుసు. ఈసారి పోయినప్పుడు "కూర్చోమ్మా, కూర్చొనే చూపించు" అని సేటుకు వినిపించేటట్టు అనండి.

ఇక మీ సొంత దుకాణమో, కమిటీయో, ఇల్లో. వచ్చే పున్నమికి ఉపోసథం పాటించేవాళ్ళు ఒక కాగితం తీసుకోండి. మీ మాట మీద నడిచేవాళ్ళ పేర్లన్నీ రాయండి. ఊడ్చే మనిషినీ, చాయ్ తెచ్చే పిల్లవాణ్ణీ మర్చిపోకండి. ఒక్కొక్క పేరు పక్కన, ఆ మనిషి మీ ముఖం మీద "మీరు చేసింది తప్పు" అని ఆఖరుసారి ఎప్పుడన్నారో తేదీ వేయండి. ఏ పేరు పక్కనా తేదీ లేకపోతే కాగితం చించేయకండి. మడతపెట్టి జేబులో పెట్టుకొని, మర్నాడు పొద్దున జాబితాలో ఆఖరి పేరున్న మనిషి దగ్గరికి మీరే నడిచి వెళ్ళి, పక్కన కూర్చొని అడగండి. మొదటిసారి "ఏం లేదు సార్, అంతా మంచిగనే ఉంది" అనే అంటారు. బ్రహ్మదత్తుడికీ అట్లాగే అన్నారు. మళ్ళీ పోండి.